దంపతులు కలిసి ఇంటి తనఖా ఋణము కోరునపుడు తెలిసికొనవలసినవి

గత మాసమున మన సంఘ కార్యాలయమునకు ఒక దంపతులు వచ్చిరి. అద్దె ఇంటిలో గుంటమగ్గము వేసికొని చాలకాలముగా నేయుచున్నవారు. ఆ ఇల్లే అమ్మకమునకు రాగా, బ్యాంకులో తనఖా ఋణమునకు దరఖాస్తు పెట్టదలచిరి. భార్య సంతకము కూడ కావలెనని బ్యాంకువారు చెప్పిరి. క్రయదస్తావేజు చిత్తులో మాత్రము భర్త పేరొక్కటే యున్నది. ఆ సోదరి మమ్ము అడిగిన మాట యిది: "అన్నా, అప్పులో నేనున్నాను. ఇంట్లో నేను లేనా?"

ఇది ఆమె యొక్క ప్రశ్న మాత్రమే కాదు. కనుక ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. అప్పులో భాగము వేరు, ఇంటిలో భాగము వేరు. ఇద్దరు కలిసి అప్పు పత్రముపై సంతకము చేసినచో, 1872 నాటి కాంట్రాక్టు చట్టము 43వ సెక్షను ననుసరించి, వేరు ఒడంబడిక లేనప్పుడు, ఋణదాత మొత్తము బాకీని ఇద్దరిలో ఎవరినైనను అడుగవచ్చును. సగము నాది, సగము ఆమెది అనుట చెల్లదు. కాని అప్పుపై సంతకము చేసినంత మాత్రమున ఇంటిపై హక్కు రాదు. హక్కు క్రయదస్తావేజులోని పేరును బట్టి వచ్చును. కనుక రిజిస్ట్రేషనుకు ముందే ఇద్దరి పేర్లు వ్రాయించవలెను. తరువాత చేర్చవలెనన్న వేరొక దస్తావేజు, వేరొక ఖర్చు.

2. ఆమె పని కాగితమెక్కవలెను. కండెలు చుట్టునది, పడుగు సరిచేయునది, మగ్గమెక్కి నేయునది ఆమె. కూలి మాత్రము భర్త పాసుపుస్తకములో పడుచున్నది. బ్యాంకువారి దృష్టిలో ఆమెకు ఆదాయమే లేదు. 2019-20 చేనేత గణనలో లెక్కకు వచ్చిన 35 లక్షల పైచిలుకు పనివారిలో నూటికి 72 మంది స్త్రీలు. మన సంఘపు కూలి పుస్తకములో అన్నియు పురుషుల పేర్లే. ఈ తప్పు మాది. ఇకమీదట ఎవరి పనికి వారి పేర కూలి వ్రాసి, వారి ఖాతాకే జమ చేయుదుము.

3. లెక్క ముందు, దరఖాస్తు తరువాత. 10 లక్షల ఇంటికి 8 లక్షల ఋణము, సాలుకు నూటికి 9 వడ్డీ అనుకొందము. 15 సంవత్సరములకు నెలకిస్తు సుమారు 8,114 రూపాయలు. మొత్తము వడ్డీ 6 లక్షల 60 వేలు. 20 సంవత్సరములకు కిస్తు 7,198. వడ్డీ 9 లక్షల 27 వేలు. నెలకు 916 రూపాయల తేలికకు 2 లక్షల 67 వేలు ఎక్కువ కట్టవలెను. మొదటి కిస్తులో 6,000 వడ్డీకే పోవును. వానకాలమున గుంటలో నీరూరి, పడుగు గంజి ఆరక మగ్గము ఆగునని మనకు తెలియును. కనుక మూడు కిస్తుల సొమ్ము విడిగా దాచి, పిమ్మట అప్పుకు పోవుట క్షేమము.

4. కాగితములు చదివించుకొనుడు. ఇంటిపై పూర్వపు తనఖాలున్నవేమో ఋణభార పత్రములో చూడవలెను. తమిళనాడులో దీనిని విల్లంగ సర్టిఫికెట్టందురు. మరాఠీ, కన్నడము, ఒడియా చదువరాని మనవారనేకులు చూపినచోట సంతకము పెట్టి వచ్చుచున్నారు. 2024 అక్టోబరు 1 నుండి ఇచ్చు ఇట్టి ఋణములకు, వడ్డీ, ఖర్చులు, కిస్తులు తెలుపు ముఖ్య వివరముల పత్రమును ఋణగ్రస్తునికి అర్థమగు భాషలో ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు ఆజ్ఞ. ధైర్యముగా అడుగుడు. భార్యాభర్తలిద్దరును విడివిడిగా తమ పూర్వపు అప్పుల చరిత్ర నివేదికను తెప్పించి చూచుకొనుడు. సంవత్సరమున కొకసారి అది ఉచితము. ఒకరి పాత బాకీ ఇద్దరి దరఖాస్తునకును అడ్డు రావచ్చును.

5. కిస్తు తప్పినచో. 90 దినములు దాటినచో ఖాతా మొండి బాకీలలో చేరును. పిమ్మట 2002 నాటి చట్టము క్రింద 60 దినముల నోటీసు ఇచ్చి, బ్యాంకు కోర్టు దావా లేకయే ఇంటిని స్వాధీనపరచుకొన వచ్చును. నేతవానికి ఇల్లు పోయిన మగ్గము కూడ పోవును. కష్టము కలిగిన మొదటి నెలలోనే బ్యాంకువారితో మాటలాడవలెను. దాగుట వలన మేలు లేదు. అప్పు తీరిన పిమ్మట 30 దినములలో దస్తావేజులు తిరిగి ఇయ్యవలెను. తమ వలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు బ్యాంకు చెల్లింపవలెను. ఇది 2023 డిసెంబరు 1 నుండి అమలులో నున్నది.

ఆ దంపతులు చిత్తును ఇద్దరి పేర తిరిగి వ్రాయించిరి. ఆమె కూలి ఆరు మాసములు ఆమె ఖాతాలో కనబడిన తరువాతనే దరఖాస్తు పెట్టుటకు నిశ్చయించుకొనిరి. అంతవరకు ఇంటి యజమాని ఆగునో లేదో చెప్పలేము. మా పుస్తకములో ఆమె పేరు ముందే యున్నచో ఈ నిరీక్షణ అవసరము లేకపోయెడిది. తక్కిన కుటుంబముల వారు ఇల్లు చూచుకొనువరకు ఆగక, ఈ మాసముననే ఇద్దరును కార్యాలయమునకు వచ్చి పేర్లు వ్రాయించుకొన గోరుచున్నాము.

— సంఘ కార్యదర్శి