బాట, బాకీ, బంతి

మన కళాశాలలో భౌతికశాస్త్రం ఒక గదిలోను, వాణిజ్యశాస్త్రం మరొక గదిలోను బోధింపబడుతున్నాయి. ఆటలకు గది అక్కరలేదు; సాయంకాలపు మైదానం చాలు. ఇక సమాజమనేది ఏ గదిలోను ఇమడదు. ఈ నాలుగూ వేటికవే వేరని మేమును చాలాకాలం భావించాము. ఇవన్నీ ఒకచోట కలుసుకొంటాయని మాకు బోధపడినది రెండేళ్ళ క్రిందట, ఒక ఆదివారంనాడు, నడిరోడ్డు మీద.

ఆనాడు మా ఫుట్‌బాల్ జట్టు పొరుగు పట్టణంలో పోటీకి వెళ్ళవలసి ఉన్నది. తక్కిన వారందరు బస్సులో వెళ్ళారు. మా గోల్‌కీపరు మాత్రం వాయిదాల మీద క్రొత్తగా కొన్న మోటారు సైకిలుపై మరి ఇద్దరిని ఎక్కించుకొని బయలుదేరాడు. ఆ ఇద్దరును ఈ వ్యాసం వ్రాస్తున్న మేమే. మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా ఒక గేదె నిలిచి ఉన్నది. వెనుక కూర్చున్న మాకు మోకాళ్ళు చీరుకొని పోయాయి. బండి నడిపిన మా మిత్రుని కుడికాలు విరిగింది. అటుగా వస్తున్న ఒక ఆటో డ్రైవరు తన సవారీని దింపివేసి, మా ముగ్గురిని ఆస్పత్రికి చేర్చి, కిరాయి అడుగకుండానే వెళ్ళిపోయాడు. అతని పేరైనా మేము తెలుసుకొనలేదు.

ఆ పోటీలో ఓడిపోయాము. అది చిన్న విషయం. కుట్టుపని చేసి కుమారుని చదివించుకొంటున్న ఒక తల్లి, మూలబడిన బండికి నెలనెల వాయిదా కట్టుకొంటూ రావడం మాత్రం చిన్న విషయం కాదు. ఆనాటి నుండి మేము వేసుకొన్న లెక్కలను, చేసుకొన్న ఆలోచనలను తోటి విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

బాట

ఆ సమయంలో మా బండి వేగం గంటకు 60 కిలోమీటర్లు. అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం వచ్చినదానిని కన్ను చూచి, మనస్సు గ్రహించి, బ్రేకు పడేసరికి ఒక సెకనైనా గడుస్తుంది. ఆ సెకనులో బండి 17 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. బ్రేకు పట్టిన తరువాత, పొడి తారురోడ్డు మీద, బ్రేకులు బాగుంటే, సుమారు మరో 20 మీటర్లు పోయి ఆగుతుంది. మొత్తం 37 మీటర్లు. మేము గేదెను చూచినప్పుడు మా నడుమ దూరం 30 మీటర్లు కూడ లేదు. ప్రమాదం మా దురదృష్టం వలన జరిగిందని బంధువులు ఓదార్చారు. తీసివేత తెలిసిన వారెవరైనా దానిని దురదృష్టమనరు.

వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం కూడ రెట్టింపే కదా అని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. చలనశక్తి వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన తరువాత బండి సుమారు 9 మీటర్లు పోతే, 80 కిలోమీటర్ల వేగంలో 36 మీటర్లు పోతుంది. వేగం రెండింతలు, దూరం నాలుగింతలు. ద్విచక్ర వాహనంపై నడిపేవాడు గాక ఒక్కరు మాత్రమే కూర్చోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం శాసిస్తున్నది. శిరస్త్రాణం ధరించాలన్న నియమం కూడ అందులోనిదే. ఈ నియమాలు పోలీసు వారికి భయపడి పాటించవలసినవి అనుకొన్నాము. అవి లెక్కకు భయపడి పాటించవలసినవి.

బాకీ

ఇక రెండవ లెక్క. మా మిత్రుడు బండి కోసం 60,000 రూపాయలు అప్పు తీసుకొన్నాడు. ఇచ్చినవారు, "నూటికి రూపాయి వడ్డీయే కదా" అన్నారు. నెలకు 600 చొప్పున 24 నెలలకు వడ్డీ 14,400. అసలుతో కలిపి 74,400. నెలకు వాయిదా 3,100. పైకి ఇందులో మోసమేమీ కనిపించదు.

కాని ప్రతి వాయిదాలోను 2,500 అసలు క్రింద తీరిపోతున్నది. చివరి నెల వచ్చేసరికి మిగిలిన అసలు 2,500 మాత్రమే. వడ్డీ మాత్రం అప్పుడు కూడ అరవై వేల మీదనే 600 కడుతున్నాడు. మిగిలిన అసలు మీదనే వడ్డీ లెక్కించి చూడగా, అదే 3,100 వాయిదాకు నూటికి నెలకు రూపాయి కాదు, సుమారు రూపాయి ఎనభై పైసలు పడుతున్నది. అంటే ఏడాదికి 12 శాతం అనుకొన్నది 21 శాతం దాటినది. వాణిజ్యశాస్త్రం చదువుతున్న మేము ముగ్గురమూ ప్రక్కనే ఉండి, ఈ లెక్క సంతకానికి ముందు వేయలేదు. కాలు విరిగిన తరువాత వేశాము.

మన రెండు భాషల కళాశాలలో ఒక సంగతి గుర్తు చేసుకోవడం ఉచితం. జమా, ఖర్చు, వసూలు, కిస్తు, జామీను, బాకీ — తెలుగువాని లెక్కల పుస్తకం నిండా ఉర్దూ ద్వారా వచ్చిన మాటలే. వీనిలో 'బాకీ' అనే అరబ్బీ మాటకు అర్థం 'మిగిలినది' అని. వడ్డీ మిగిలినదాని మీదనే కట్టాలన్న న్యాయం ఆ మాటలోనే ఉన్నది. అప్పు పత్రంపై సంతకం చేసే ప్రతి విద్యార్థి ఒక్క ప్రశ్న అడగాలి: ఈ వడ్డీ మొదటి అసలు మీదనా, మిగిలిన బాకీ మీదనా?

బంతి

మూడవది ఆట. హైదరాబాదులో 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. జకార్తా విజయం తరువాత ఏడాదైనా గడువకముందే, 1963 జూన్‌లో, క్యాన్సరు ఆయనను కబళించింది.

రహీం సాహెబు పాఠంలో ప్రధానమైనది ఒకటి: బంతిని కాలి దగ్గర పెట్టుకొని ఒంటరిగా పరుగెత్తవద్దు; వెంటనే తోటివానికి అందించు. బంతిని అందించడం తెలిసినవాడే జట్టులో మనిషి. ఈ పాఠం మైదానానికే పరిమితం కాదు. రోడ్డు మనదొక్కరిదే అనుకొన్నవాడు గేదెను గుద్దుతాడు. డబ్బు కూడ అంతే. చేతులు మారవలసిన చోట మారితేనే దానికి విలువ.

ఇందుకు మన కాలపు ఉదాహరణ కూడ హైదరాబాదుదే. ఆటో నడిపే తండ్రి కష్టంతో పైకి వచ్చిన మహమ్మద్ సిరాజ్, 2023 సెప్టెంబరు 17న కొలంబోలో జరిగిన ఆసియా కప్పు చివరి పోటీలో 21 పరుగులిచ్చి ఆరు వికెట్లు పడగొట్టాడు. శ్రీలంక జట్టు 50 పరుగులకే ముగిసిపోయింది. ఉత్తమ ఆటగానిగా లభించిన బహుమతి సొమ్మును ఆయన మైదానపు పనివారికి ఇచ్చివేశాడు. వర్షాలలో నేలను ఆటకు సిద్ధం చేసిన వారు ఆ కూలీలే. బంతిని అందించడమంటే అది.

సమాజము

ప్రమాదంలో గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చితే పోలీసు కేసులలో ఇరుక్కొంటామని పలువురు ముఖం త్రిప్పుకొని పోతారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ, సద్బుద్ధితో సహాయపడినవారికి రక్షణ కల్పించింది. మమ్ము ఎక్కించుకొన్న ఆటో డ్రైవరు ఆ సవరణ చదివి ఉండడు. చదువుకొన్న మేము అతని పేరు అడగడం మరచిపోయాము.

మా మిత్రుని తల్లికి సహాయంగా జట్టంతా కలిసి కొంత సొమ్ము పోగుచేశాము. ఆమె పుచ్చుకొనలేదు. "ముందు ఆ ఆటో అబ్బాయిని వెదకి అతని కిరాయి ఇవ్వండి, బేటా" అన్నది. ఆస్పత్రి గేటు దగ్గర, బస్ స్టాండు దగ్గర, అన్ని ఆటో స్టాండ్లలోను విచారించాము. అతడు దొరకలేదు. చివరి కిస్తు ఆమె కుట్టుమిషను సంపాదనతోనే తీరింది. మా మిత్రుడు ఇప్పుడు గోలు వెనుక నిలబడి చిన్న తరగతుల పిల్లలకు బంతి పట్టడం నేర్పుతున్నాడు.

ఆ సొమ్ము ఇంకా మా వద్దనే ఉన్నది. అది మాది కాదు, బాకీ. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి రెండు మాటలు. జట్టు ఎక్కడికి వెళ్ళినా అందరూ ఒకే బస్సులో వెళ్ళాలని నియమం చేయండి. ఈ సొమ్ముతో ప్రథమ చికిత్స పెట్టె ఒకటి కొని ఆ బస్సులో ఉంచండి. ఇచ్చినవారి పేరు వ్రాయవలసిన చోట 'ఒక ఆటో డ్రైవరు' అని వ్రాయించండి.