ఐదో శీలం, సాయంత్రం ఆరు గంటలు

 

విహారంలో పంచశీలాలు చెప్పుకునేటప్పుడు ఐదోదాని దగ్గర కొందరి గొంతు తగ్గిపోతుంది. మీరూ గమనించే ఉంటారు. మొదటి నాలుగూ గట్టిగా చెప్పినవాళ్లే, మత్తు మాట వచ్చేసరికి ఉత్త పెదాలు కదుపుతారు. కొందరైతే ఆ ఒక్క కారణంతో వందనకు రావడమే మానేస్తారు. "తాగేవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని శీలం చెప్పను?" అంటారు. ఈ పాఠం వాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం.

ప్రతి శీలం చివర 'సిక్ఖాపదం' అంటాం. సిక్ఖ అంటే శిక్షణ. మన చెవికి 'శిక్ష' అని వినబడుతుంది గానీ అది దండన కాదు, నేర్చుకోవడం. ఒట్టు తప్పితే కళ్లు పోతాయని భయపెట్టడం మనం వదిలేసి వచ్చిన పద్ధతి. నేర్చుకునేవాడు తప్పటడుగు వేస్తే మళ్లీ లేచి నేర్చుకుంటాడు. 1956 అక్టోబర్‌లో బాబాసాహెబ్ నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నదీ ఉంది. అది పడిపోయినవాణ్ణి బయటికి గెంటడానికి పెట్టింది కాదు. గొంతు తగ్గేవాళ్లే ఆ శీలం ఎక్కువసార్లు చెప్పుకోవాలి.

ఇక రెండో సంగతి. మన తెలుగులో తాగేదాన్నీ మందే అంటాం, డాక్టరు ఇచ్చేదాన్నీ మందే అంటాం. మొదటి మందు మానాలంటే చాలామందికి రెండో మందు కావాలి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాళ్లు ఉన్నపళంగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనబడటం, మతి తప్పడం కూడా జరగవచ్చు. ప్రాణం పోయే ప్రమాదం ఉంది. కాబట్టి "ఈ రోజు నుంచి బంద్" అని గదిలో పెట్టి గొళ్లెం వెయ్యకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇంకో పని కూడా చాలా ఇళ్లలో జరుగుతోంది. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రల్ని మనిషికి తెలియకుండా కూరలో, మజ్జిగలో కలిపి పెట్టేస్తున్నారు. ఆ మాత్ర కడుపులో ఉండగా తాగితే ఒళ్లంతా ఎర్రబడి, వాంతులై, గుండె దడ వస్తుంది, బీపీ పడిపోతుంది. అది తాగేవాడికి చెప్పి, అతను ఒప్పుకున్నాక, డాక్టరు పరీక్ష చేసి ఇవ్వాల్సిన మందు. దొంగచాటుగా పెట్టడం ప్రాణంతో ఆడుకోవడమే.

తాగుడు వెనక చాలాసార్లు ఇంకో జబ్బు దాగి ఉంటుంది. దిగులు, భయం, చెవిలో మాటలు వినబడటం, రాత్రుళ్లు నిద్ర లేకపోవడం. వాటిని అణచుకోవడానికి తాగుతారు, తాగినకొద్దీ అవి పెరుగుతాయి. మన పేటల్లో వీటికి 'గాలి సోకింది', 'చేతబడి' అనే పేర్లు ఇంకా ఉన్నాయి. నీలి జెండా కట్టిన ఇంట్లో కూడా తాయెత్తు కనిపిస్తే ఏమనాలి? హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ' అన్న మాటని, విశాఖలో 'పిచ్చాసుపత్రి' అన్న మాటని వెక్కిరింతకి వాడతాం. దాంతో వెళ్లాల్సినవాళ్లు సిగ్గుపడి వెళ్లరు. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416. ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. సర్కారు దవాఖానాలో మానసిక వైద్యం పొందడం 2017 చట్టం ప్రకారం మన హక్కు.

మందులు పని మొదలుపెట్టాక అసలు చిక్కు వస్తుంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చెయ్యాలి? తాగుడుకి ఒక వేళ ఉంది, ఒక జట్టు ఉంది, ఒక అరుగు ఉంది. అవి మూడూ ఖాళీ అయితే మనిషి గోడలు చూస్తూ కూర్చోలేడు. చేతికి పని, కాలికి దారి కావాల్సింది అప్పుడే.

చేతికి పని అంటే అందరూ ముందు డప్పు అంటారు. నిజమే, అది మన కళ. కానీ ఆలోచించండి. చావు దగ్గర డప్పు కొట్టినవాళ్లకి కూలితో పాటు సీసా ఇవ్వడం ఊరి అలవాటు. మనల్ని తాగుబోతుల్ని చేసిన దారుల్లో అదొకటి. మానేసిన తమ్ముణ్ణి మళ్లీ ఆ చావు మేళంలోకి పంపి "కళే నిన్ను బాగుచేస్తుంది" అంటే ఎలా? అదే డప్పు ఆదివారం విహారం ముందు పిల్లలకి నేర్పమనండి, ఏప్రిల్ 14 ఊరేగింపుకి జట్టు తయారు చెయ్యమనండి. వాయిద్యం అదే, వేళ వేరు, జట్టు వేరు, చేతిలో పెట్టేది టీ గ్లాసు.

కళ అంటే పేరు తెచ్చుకోవడం అనుకోకండి. బాబాసాహెబ్ పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నారు. కచేరీ చెయ్యడానికి కాదు కదా! దిగులుతో మంచం దిగని అక్కలకి పాత చీరలతో బొంత కుట్టడం కూడా కళే. ఈ రోజు రెండు ముక్కలు కలిపితే రేపు మూడో ముక్క ఎదురు చూస్తుంది. రాయడం వచ్చినవాళ్లు రాయండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడటానికి ఊపు ఇచ్చింది అక్షరాస్యత తరగతుల్లోని పాఠమే. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. పలక పట్టిన చెయ్యి అంత పని చేసింది.

థేరీగాథల్లో ఉన్న పటాచారను గుర్తు చేసుకోండి. శ్రావస్తిలో పెద్ద వర్తకుడి కూతురు. భర్తను పాము కరిచింది. పసిబిడ్డను గద్ద ఎత్తుకుపోయింది, పెద్దవాణ్ణి ఏరు తీసుకుపోయింది. పుట్టింటికి పోతే రాత్రి గాలివానకి ఇల్లు కూలి తల్లీ తండ్రీ అన్నా చనిపోయారని తెలిసింది. మతి పోయి, ఒంటి మీద బట్ట లేకుండా వీధుల్లో తిరిగింది. జనం పిచ్చిదని తరిమారు. జేతవనంలో కూడా ఆమెని ఆపబోయారు. బుద్ధుడు రానివ్వమన్నాడు, 'చెల్లీ' అని పిలిచి స్మృతి తెచ్చుకోమన్నాడు. ఒకాయన తన పైబట్ట ఇచ్చాడు. ముందు దగ్గరికి రానివ్వడం, తర్వాత ఒంటికి బట్ట, ఆ తర్వాతే ధమ్మం. ఈ వరస మరిచిపోవద్దు. చాలా కాలానికి ఒకరోజు కాళ్లు కడుక్కుంటూ, పోసిన నీళ్లు కొన్ని దగ్గరే ఇంకిపోవడం, కొన్ని ఇంకాస్త దూరం పారడం చూసింది. దాంట్లో మనుషుల ఆయుష్షు కనిపించింది. ఆమె పాటలో ఉన్నది ఆ కాళ్లు కడుక్కోవడమూ, ఆ నీళ్లూ, ఒక దీపమూ. తర్వాత బిడ్డల్ని పోగొట్టుకున్న ఎందరో తల్లులకి ఆమే ఓదార్పు అయింది.

వీధుల్లో ఆమె తిరగడం వేరు, భిక్షువుల చారిక వేరు. రెండూ నడకలే. ఒకదానికి దిక్కు లేదు, ఇంకోదానికి ఉంది. మనకి చారిక చెయ్యడానికి చోట్లు ఎన్ని లేవు! సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి, ఏలూరు జిల్లాలో గుంటుపల్లి గుహలు, సాగర్ నుంచి లాంచీలో వెళ్లే నాగార్జునకొండ. విశాఖ-భీమిలి దారిలో సముద్రం పక్కన తొట్లకొండ ఉంది. భిక్షువులు నీళ్ల కోసం రాయిలో తొలిచిన తొట్లు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి, ఆ పేరు వాటివల్లే వచ్చింది. మన పూర్వీకులు దిగులు మోసుకుంటూ ఎక్కిన మెట్లు అనుకుని ఎక్కండి.

అయితే జాగ్రత్తలున్నాయి. ఒకసారి ఆకాశానికీ ఒకసారి పాతాళానికీ మనసు ఊగే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకి నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది. వాళ్లని రాత్రి బస్సు ఎక్కించొద్దు, పొద్దున బయలుదేరి పొద్దుగూకే లోపు ఇంటికి చేరే చోటు చూడండి. లిథియం వాడేవాళ్లు ఎండలో నీళ్లు తగ్గించకూడదు. డాక్టరు చీటీ, మందులు జేబులోనే ఉంచుకోండి, బ్యాగుతో పాటు పోగొట్టుకోకండి. "యాత్రకి వచ్చాం, ఇంకెందుకు మందులు" అనేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోకండి. నాగపూర్ వెళ్లే రైల్లో, బస్సుల్లో మనవాళ్లే సీసా తీస్తారు, అందుకని ఎవరితో వెళ్తున్నామన్నది టికెట్ కన్నా ముందు చూసుకోవాలి. పది రోజుల విపశ్యన శిబిరానికి దరఖాస్తు ఇచ్చేటప్పుడు మానసిక జబ్బు గురించి అడుగుతారు. దాచకుండా రాయండి. జబ్బు ముదిరి ఉన్నప్పుడు పది రోజుల మౌనం మేలు చెయ్యకపోగా కీడు చేస్తుంది. ముందు మీ డాక్టరుని అడగండి.

అంత దూరం వెళ్లలేనివాళ్లే ఎక్కువ, ఆ సంగతి తెలుసు. వాళ్లు ఒక పని చెయ్యండి. మన విహారాలు ఆదివారం గంట సేపు తెరిచి, మళ్లీ వారం దాకా తాళం వేసి ఉంటాయి. ఆ తాళం రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తీసి ఉంచమని మీ సంఘం కార్యదర్శిని అడగండి. లోపల ఒక డప్పు, నాలుగు నోటు పుస్తకాలు, టీ కాచుకోవడానికి ఒక స్టవ్వు ఉంటే చాలు.