చేలల్లో రాతియుగం: ముప్పయ్యేళ్లు నడిచి నేర్చుకున్నవి

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని నడుస్తుంటారు. వాళ్లు వెతికేది వజ్రం. ఆ పక్క బడిలో పనిచేసిన రోజుల్లో నేనూ అలాగే నడిచాను గానీ, నా చూపంతా వాళ్లు పక్కకు తన్నేసే రాళ్ల మీదే ఉండేది. పాత రాతియుగం మనిషి చెక్కి, వాడి, వదిలేసిన రాళ్లు అవి. తర్వాత బదిలీ మీద నంద్యాల వైపు వచ్చాక సెలవు దొరికితే చాలు, నల్లమల అంచున గిద్దలూరు దాకా తిరిగాను. ఇప్పుడు మోకాళ్లు మునుపటిలా సహకరించడం లేదు. ఈ సరదా పట్టుకున్న కుర్రవాళ్లు అడుగుతున్నారని రాస్తున్నాను.

1. గట్టు దాటేముందు రైతును అడగండి.

మొదట్లో నేను అడగలేదు. ఒకసారి గుప్తనిధుల కోసం వచ్చానని నలుగురు చుట్టుముట్టారు. "ఏం సార్, మా చేన్లో ఏం పోగొట్టుకుంటిరి?" అన్నాడు చేను ఆసామి. సంచిలోంచి చేతిగొడ్డలి తీసి ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, మొద్దుగా ఉన్న వైపు అరచేతిలో ఆనించుకుని, "నా చేతికే చేసినట్టుందే" అన్నాడు. ఆ ఏడాది నుంచి దుక్కిలో అలాంటి రాయి తగిలితే గట్టు మీద పెట్టేవాడు. నేను బతిమాలుకున్నది ఒక్కటే: ఏ చాలులో తగిలిందో గుర్తు పెట్టుకోమని. ఎందుకో అయిదో పాఠంలో చెబుతాను.

2. దుక్కి, వాన, ఎండ మూడూ కుదరాలి.

వేసవి దుక్కి అయ్యాక ఒక గట్టి వాన పడాలి. మట్టి కడుక్కుపోయి రాళ్లు పైకి తేలతాయి. నేల ఆరిన రెండో రోజు పొద్దున్నే, సూర్యుడికి ఎదురుగా నడవండి. ఏటవాలు ఎండలో చెక్కుడు గట్లు నీడలు వేస్తాయి. మధ్యాహ్నమైతే అన్ని రాళ్లూ ఒకటే. నల్లరేగడిలో నేను ఏళ్ల తరబడి ఊరికే తిరిగాను. గులకరాళ్లు తేలిన ఎర్ర గరపనేల, వాగు ఒడ్డు, కొండ పాదం చూసుకోండి.

3. ఒక్క దెబ్బను నమ్మకండి, వరసను నమ్మండి.

మనిషి సుత్తిరాయితో కొట్టి ఊడగొట్టిన పెచ్చును తిరగేసి చూస్తే దెబ్బ పడిన చోట చిన్న చదును, దాని కింద నున్నటి ఉబ్బు కనిపిస్తాయి. అక్కడి నుంచి, చెరువులో రాయి వేస్తే లేచినట్టు, సన్నటి అలలు పరుచుకుని ఉంటాయి. అయినా తొందరపడకండి. వాగు దొర్లింపుకూ, ట్రాక్టర్ గొర్రుకూ కూడా పెచ్చు ఊడుతుంది. మనిషి చెయ్యి పడిందంటే ఒక ఉద్దేశం కనిపించాలి: ఒకే అంచు కోసం ఈ వైపొక పెచ్చు, ఆ వైపొక పెచ్చు, వరసగా.

నా దగ్గరున్న చేతిగొడ్డలి జానెడు పొడవు, బాదంగింజ ఆకారం. ఒక వైపు పదకొండు, రెండో వైపు తొమ్మిది పెచ్చుల గుంటలున్నాయి. వాటన్నిటి మీదా కాలం పూసిన తేనెరంగు ఒకేలా ఉంది. కొన దగ్గర ఒక్క చోట మాత్రం రాయి లోపలి తెలుపు బయటపడింది. అది గొర్రు తగిలిన దెబ్బ. రంగు తేడా చూడటం వచ్చేదాకా నేను అలాంటి ట్రాక్టర్ దెబ్బల్ని కూడా రాతియుగం ఖాతాలో వేశాను.

4. చెకుముకి కోసమే వెతక్కండి.

యూరప్ పుస్తకాలు చదివి వచ్చేవాళ్లు ఫ్లింట్ ఏదని అడుగుతారు. మన దగ్గర పాత పనిముట్లకు ఎక్కువగా వాడింది క్వార్ట్‌జైట్. కడప, నల్లమల కొండలు ఆ రాయి గనులు. గోరంత సూక్ష్మ పరికరాలైతే చెర్ట్‌తో చేసినవి దొరుకుతాయి. ఇక నల్లరాతితో నున్నగా సానబట్టిన గొడ్డళ్లు బాగా తర్వాతివి, నవీన శిలాయుగానివి. ఊళ్లలో వాటిని పిడుగురాళ్లని చెట్టు కింద పెట్టి పసుపు కుంకుమ పెడతారు. వాటిని ముట్టుకోకండి. చూసి, రాసుకుని రండి.

5. దొరికిన చోటు రాసుకోండి.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో, కంకర గుంతలో, చెక్కిన రాయి ఒకటి చూశాడు. మన దేశంలో పాత రాతియుగం అధ్యయనం అక్కడే మొదలైంది. తర్వాత ఆయన మన కర్నూలు, కడప ప్రాంతాలూ తిరిగాడు. ఆయన సేకరణ ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అది ఇవాళ్టికీ పనికొస్తోందంటే ఏ రాయి ఏ ఊరిదో ఆయన రాసిపెట్టాడు కాబట్టి.

నేను రాయలేదు. మొదటి మూడేళ్లలో ఏరినవన్నీ ఒకే గోనెసంచిలో పోశాను. ఏది ఏ చేనిదో గుర్తుంటుందనుకున్నాను. ఇల్లు కట్టేటప్పుడు నేను బడిలో ఉండగా మేస్త్రీ ఆ సంచిని ఒక గది పునాదిలో గుమ్మరించాడు. ఆయన తప్పేమీ లేదు. ఊరూ పేరూ లేని రాళ్లను కంకర నుంచి వేరు చేసి చూపించడానికి నా దగ్గర ఒక్క చీటీ లేదు. లక్షల ఏళ్లు నేలలో నిలిచినవి నా చేతిలో మూడేళ్లు నిలవలేదు. ఆ గదిలో పడుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ఊరు, సర్వే నంబరు, గట్టు నుంచి ఎన్ని అడుగులు, తేదీ అక్కడికక్కడే రాయండి. ఇప్పుడు ఫోన్‌లో ఫొటో, లొకేషన్ కూడా ఉన్నాయి.

6. తవ్వొద్దు.

బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కింద సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొరగా పడి ఉంది. ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంత పెద్ద విపత్తును ఇక్కడి మనుషులు తట్టుకున్నారా అన్న చర్చ అంతా ఆ కిందా పైనా మీదే నిలబడింది. ఉత్సాహం కొద్దీ ఎవరో పలుగేసి ఆ రాళ్లు లాగేసి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. దుక్కి పైకి తెచ్చింది చూడండి, లోపలిది లోపలే ఉండనివ్వండి. రక్షిత స్థలాల జోలికి పోకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చేయకూడదు, సొంతంగా దేశం దాటించకూడదు.

7. బీరువాలో దాచకండి.

ఇప్పుడు నేను ఫొటో తీసి, కొలిచి, చాలావరకు అక్కడే పెట్టి వస్తాను. ఆ చేతిగొడ్డలి ఒక్కటి మాత్రం వివరాల చీటీతో సహా బడికి పట్టుకెళ్లి పిల్లల చేతికిస్తాను. పోయిన ఏడాది ఎడమచేత్తో రాసే పాప ఒకతె దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కాసేపు తిప్పి చూసి, "ఇట్ల కూడా సరిపోతాంది సార్" అంది. ఇన్నేళ్లుగా నేను దాన్ని కుడిచేత్తోనే పట్టుకుంటున్నాను. ఇంటికొచ్చి ఆ చీటీ మీద పాప మాట కూడా రాశాను.