పప్పు మానేస్తే గౌట్ తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఓ రాత్రి ఉన్నట్టుండి కాలి బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వచ్చింది. యూరిక్ యాసిడ్ 8.8 ఉంది, గౌట్ అన్నారు. అందరూ పప్పు, పాలకూర మానేయమంటున్నారు. పథ్యంతోనే తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పప్పు మానకండి. పప్పుల్లో, పాలకూరలో ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) ఉన్నమాట నిజమే కానీ, అవి తినేవారికి గౌట్ ఎక్కువగా వస్తున్నట్టు పెద్ద అధ్యయనాల్లో కనిపించలేదు. తగ్గించాల్సింది వేటమాంసం, అందులోనూ కాలేయం, బోటీ. నెత్తళ్లు, రొయ్యలు కూడా. బీరు పూర్తిగా మానేయండి. కూల్‌డ్రింకుల్లోని చక్కెర కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. వెన్న తీసిన మజ్జిగ మంచిదే. బరువు ఎక్కువుంటే మెల్లగా తగ్గండి. కటిక ఉపవాసాలు చేస్తే నొప్పి తిరగబెట్టొచ్చు.

అయితే పథ్యానికి హద్దు ఉంది. ఒంట్లోని యూరిక్ యాసిడ్‌లో దాదాపు మూడింట రెండు వంతులు శరీరం తయారుచేసుకునేదే. దాన్ని మూత్రపిండాలు సరిగా బయటికి పంపలేకపోవడమే చాలామందిలో అసలు కారణం. ఎంత కఠినంగా పథ్యం చేసినా సాధారణంగా 1 పాయింటుకు మించి తగ్గదు. గౌట్ అదుపులో ఉండాలంటే అది 6 లోపుకు రావాలి. అందుకే నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే అల్లోప్యురినాల్ లాంటి మందు అవసరమవుతుంది. నొప్పి పోయిందని దాన్ని మీ అంతట మీరు ఆపేయొద్దు. బీపీకి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, వాటిలో కొన్ని యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. కీలు వాపుతోపాటు జ్వరం వస్తే మాత్రం ఆ రోజే చూపించుకోండి, కీలులో ఇన్‌ఫెక్షన్ కావచ్చు.