కాంబి బాయిలర్ నుంచి గోరువెచ్చని నీళ్లే వస్తున్నాయా? కంప్లైంట్ ఇచ్చే ముందు ఈ 4 టెస్టులు చేయండి

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి గోడకి తగిలించిన గ్యాస్ బాయిలర్ గురించి రాస్తున్నాను. యూకేలో అద్దె ఇళ్లలో ఉంటున్న మనవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

జనవరిలో అమ్మ ఖమ్మం నుంచి లండన్‌లో మా ఇంటికి వచ్చింది. ట్యాప్‌లో గోరువెచ్చని నీళ్లే. రోజూ పొద్దున్నే స్టవ్ మీద గిన్నెతో నీళ్లు కాచుకుని, బకెట్‌లో కలుపుకుని స్నానం చేసేది. "పర్లేదులే నాన్నా" అనేది కానీ నాకే సిగ్గేసింది. లెటింగ్ ఏజెంట్‌కి మెయిల్ పెడితే "చలికాలం కదా, అంతే" అన్నారు. బాయిలర్‌లో టెంపరేచర్ ఫుల్‌గా పెంచినా మార్పు లేదు. ఇక కోడ్‌లో బగ్ వెతికినట్టే వెతకడం మొదలుపెట్టా.

ముందు ఇది ఎలా పని చేస్తుందో చూద్దాం

కాంబి బాయిలర్‌లో వేడి నీళ్లు దాచుకునే ట్యాంక్ ఉండదు. ట్యాప్ తిప్పగానే ఫ్లో సెన్సార్ గుర్తిస్తుంది, బర్నర్ వెలుగుతుంది. లోపల తిరిగే నీటిని డైవర్టర్ వాల్వ్ రేడియేటర్లకు వెళ్లనివ్వకుండా ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌కి మళ్లిస్తుంది. మన ట్యాప్ నీళ్లు వేడెక్కేది అక్కడే.

టెస్ట్ 1: ఒక్క ట్యాపేనా, అన్నీనా?

షవర్‌లో మాత్రమే ప్రాబ్లమ్ ఉంటే తప్పు షవర్ మిక్సర్ వాల్వ్‌ది కావచ్చు. మా కిచెన్ ట్యాప్‌లో కూడా అదే పరిస్థితి. అంటే అనుమానం బాయిలర్ మీదే.

టెస్ట్ 2: పవర్ లెక్క

కావాల్సినవి కొలత జగ్గు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, కిచెన్ థర్మామీటర్. ఫార్ములా సింపుల్:

కిలోవాట్లు = నిమిషానికి లీటర్లు × పెరిగిన డిగ్రీలు × 0.07

మా ఇంట్లో 2 లీటర్ల జగ్గు 20 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 6 లీటర్లు. చల్లనీళ్లు 7 డిగ్రీలు, వేడినీళ్లు 34. తేడా 27. లెక్కేస్తే సుమారు 11 కిలోవాట్లు. మాన్యువల్‌లో ఉన్నది 24!

ఇక్కడ ఒక విషయం గమనించండి. మీకు లెక్క 24 దగ్గరికి వస్తే బాయిలర్‌లో తప్పేమీ లేనట్టే. ట్యాప్ కొంచెం తగ్గించండి, నీళ్లు వేడిగా వస్తాయి. చలికాలంలో పైపు నీళ్లు మరీ చల్లగా ఉంటాయి కాబట్టి ఫుల్‌గా తిప్పితే ఏ 24 కిలోవాట్ల బాయిలరైనా తట్టుకోలేదు. ఏజెంట్ మాట అప్పుడు కరెక్టే. మా లెక్క మాత్రం సగం కూడా లేదు.

టెస్ట్ 3: డైవర్టర్ వాల్వ్

హీటింగ్ ఆఫ్ చేసి, రేడియేటర్లు చల్లారాక వేడినీళ్ల ట్యాప్ తిప్పండి. అప్పుడు రేడియేటర్ పైపులు వేడెక్కుతుంటే డైవర్టర్ వాల్వ్ సరిగా మూసుకోవట్లేదు, వేడి అటు లీకవుతోంది. మావి చల్లగానే ఉన్నాయి. ఈ అనుమానం కూడా తీరింది.

టెస్ట్ 4: డిస్‌ప్లే చూడండి

ట్యాప్ తిప్పి ఉంచి బాయిలర్ డిస్‌ప్లే చూశా. లోపలి టెంపరేచర్ గబగబా 80కి చేరుతోంది, బర్నర్ ఆగుతోంది, మళ్లీ వెలుగుతోంది. ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ స్పీడ్ తగ్గిపోతుంది చూడండి, అచ్చం అలాగే. లోపల వేడి ఉంది కానీ ట్యాప్ నీళ్లకి చేరట్లేదు. లండన్ నీళ్లలో సున్నం ఎక్కువ. ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ సన్నటి దారుల్లో అది పేరుకుంటే ఇదే జరుగుతుంది.

మీరు ముట్టుకోకూడనిది

బాయిలర్ కవర్ మాత్రం విప్పొద్దు. గ్యాస్ పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీర్ మాత్రమే చేయాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా పెట్టుకోండి. గ్యాస్ వాసన వస్తే బయటికి వెళ్లి 0800 111 999కి ఫోన్ చేయండి.

ఈ రీడింగ్స్, డిస్‌ప్లే వీడియో కలిపి ఏజెంట్‌కి మళ్లీ మెయిల్ పెట్టా. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకి వేడినీళ్ల సిస్టమ్ రిపేర్ ఓనర్ బాధ్యతే, 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ సెక్షన్ 11 ప్రకారం. అదీ రాశా. ఈసారి "చలికాలం" అనలేదు, ఇంజనీర్‌ని పంపారు. ఆయన ప్లేట్ మార్చాక మళ్లీ కొలిచా: నిమిషానికి 9 లీటర్లు, 45 డిగ్రీలు. దాదాపు 24 కిలోవాట్లు.

మర్నాడు స్టవ్ మీద గిన్నె లేదు, టీ మాత్రమే ఉంది.