సీడీ డ్రైవు మొరాయించినప్పుడు

గ్రామ పంచాయతీ కార్యాలయములోని బీరువాను ఒకసారి తెరచి చూడుడు. రశీదు పుస్తకములు, తీర్మానముల పుస్తకములతో పాటు ఒక మూల కాగితపు సంచులలో పెట్టిన సీడీలు, డీవీడీలు కొన్ని కనిపించును. పూర్వము జరిగిన పనుల ఫోటోలు, ఇండ్ల లేఅవుట్ల పటములు, లబ్ధిదారుల జాబితాలు, పై కార్యాలయముల నుండి వచ్చిన శిక్షణ చిత్రములు వానిలో నుండును. ఆ దినములలో పెన్ డ్రైవు ఖరీదైన వస్తువు. వేగముగల ఇంటర్నెట్టు గ్రామములకు రాలేదు. ఏ సమాచారమునైనను ఒకచోట నుండి మరియొక చోటికి పంపుటకు సీడీయే తగిన సాధనముగా నుండెను.

ఆ డిస్కులను చదువగల యంత్రము మాత్రము అనేక కార్యాలయములలో ఒక్కటే మిగిలియున్నది. అది పాత ల్యాప్‌టాప్. 2012 ప్రాంతము మొదలుకొని తయారీదారులు ల్యాప్‌టాప్‌లను పలుచన చేయుటకై వానిలోని సీడీ డ్రైవును తీసివేయుచు వచ్చిరి. నేడు అంగడిలో దొరకు క్రొత్తవానిలో అది సాధారణముగా నుండదు. కాబట్టి పాతదానిలోని డ్రైవు చెడినచో అది కార్యదర్శి ఒక్కరి చిక్కు మాత్రమే కాదు. పంచాయతీ సభ్యులందరును పట్టించుకొనవలసిన విషయము.

కొంతకాలము క్రిందట ప్రచార కార్యక్రమముపై మేమొక గ్రామమునకు వెళ్ళినప్పుడు పంచాయతీ కార్యాలయములో పెద్ద చర్చ జరుగుచుండెను. ఆమోదము పొందిన ఒక లేఅవుటులో పిల్లల ఆటస్థలమునకై విడిచిన జాగాలో ఒకరు ప్రహరీగోడకు పునాది త్రవ్విరి. అది తమ ప్లాటులోనిదే యని వారి వాదము. పంచాయతీ వద్దనున్న కాగితపు పటమును చెదలు తినివేసినవి. దాని స్కాను ప్రతి ఒక సీడీలో గలదని రిజిష్టరులో వ్రాసియున్నది. పై కార్యాలయము నుండి నకలు తెప్పించుకొనవచ్చును గాని, అది చేరునాటికి గోడ లేచి నిలుచును.

కార్యదర్శి ఆ సీడీని ల్యాప్‌టాప్‌లో పెట్టిరి. డ్రైవు రెండు మూడు మారులు గిర్రున తిరిగి, టకటకమని కొట్టుకొని ఆగిపోయెను. డిస్కును లోపల పెట్టవలసినదిగా తెరపై సూచన వచ్చెను. డిస్కు లోపలనే యున్నది! పదిసార్లు తీసి పెట్టిరి. సీడీ పాడైపోయినదని ఒక సభ్యుడు తేల్చెను. పండ్లు తోముకొను పేస్టుతో రుద్దినచో గీతలు పోవునని మరియొకరు సలహా చెప్పిరి. సర్పంచిగారు మా వైపు తిరిగి, "మీరు ఊరూరా సినిమాలు వేసేవారు గదండీ, దీని సంగతి మీకు తెలియకపోతుందా?" అని యడిగిరి.

మేము చేసినది పెద్ద విద్య కాదు. ఆ సీడీని ప్రక్కన పెట్టించి, మా సంచిలోని ప్రచారచిత్రపు డీవీడీ నొకదానిని అదే డ్రైవులో పెట్టితిమి. అది చక్కగా నడచెను. తరువాత మా పాటల సీడీ పెట్టితిమి. అది నడువలేదు. అదే సీడీ ఆ ఉదయమున మా వాహనములో పాడినది. అనగా డ్రైవు డీవీడీలను చదువుచున్నది, సీడీలను చదువుట మానినది. పంచాయతీ సీడీ పాడైనదని చెప్పుటకు ఇంకను ఆధారమేమియు లేదు. ఇట్లేల జరుగునో గ్రహించుటకు డ్రైవు లోపలి సంగతి కొంత తెలియవలయును.

డ్రైవు లోపల జరుగునది

సీడీ 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందముగల పారదర్శకమైన ప్లాస్టిక్ బిళ్ల. దానిలో సమాచారమంతయు మధ్యనుండి అంచువైపునకు చుట్లు చుట్లుగా సాగు ఒకే బాటగా నుండును. ఒక చుట్టునకు మరియొక చుట్టునకు నడుమ దూరము మిల్లీమీటరులో వెయ్యవ వంతునకు ఒకటిన్నర రెట్లు మాత్రమే. ఆ బాటను విప్పి చాచినచో 5 కిలోమీటర్లకు పైగా నుండును. తిరుగుచున్న డిస్కుపై లెన్సు గుండా లేజరు కిరణము పడి, లోహపు పొర నుండి తిరిగివచ్చు వెలుతురులోని హెచ్చుతగ్గులను డ్రైవు చదువును. లెన్సుపై సన్నని దుమ్ముపొర యున్నను వెలుతురు తగ్గి, డ్రైవు తడబడును.

సీడీకి వాడు కిరణము వేరు, డీవీడీకి వాడునది వేరు. మొదటిది 780 నానోమీటర్ల కిరణము. అది పరారుణము, కంటికి సరిగా కనిపించనిది. రెండవది 650 నానోమీటర్ల ఎఱ్ఱని కిరణము. ల్యాప్‌టాప్ డ్రైవులో ఈ రెండింటికిని వేర్వేరు లేజర్లుండును. ఒకటి బలహీనపడి రెండవది బాగుండుట సామాన్యము. మేము ఆ గ్రామములో చూచినది ఇదియే.

కాబట్టి డ్రైవు మొరాయించిన వెంటనే డిస్కును నిందింపరాదు, రుద్దరాదు. బాగున్నదని తెలిసిన ఒక సీడీని, ఒక డీవీడీని పెట్టి చూడవలయును. రెండును నడచినచో దోషము మన డిస్కులో నున్నది. ఒకటి మాత్రమే నడచినచో లేజరులో నున్నది. ఏదియు నడువనిచో లెన్సు మురికిపడి యుండవచ్చును, లేదా డ్రైవు పూర్తిగా చెడియుండవచ్చును. మరియొక సంగతి కలదు. ఇంటిలోనో కార్యాలయములోనో వ్రాసిన డిస్కును చివరకు "మూసివేయు" ఏర్పాటు ఒకటి యుండును. అది చేయక వదలిన డిస్కు, వ్రాసిన డ్రైవులో తప్ప ఇతర డ్రైవులలో తరచుగా నడువదు.

డ్రైవు పేరే తెరపై కనిపించకపోవుట ఇంకొక రకపు చిక్కు. సీడీలు వ్రాయు ప్రోగ్రామును తీసివేసిన తరువాత విండోసులోని అమరికలు చెదరి ఇట్లు జరుగుట కలదు. అప్పుడు యంత్రము మంచిదే; అమరికను సరిచేసినచో తిరిగి కనిపించును. ల్యాప్‌టాప్‌ను ఆన్ చేసిన వెంటనే వచ్చు బయోస్ తెరలో డ్రైవు పేరున్నదో లేదో చూచినచో ఈ తేడా తెలియును. అచ్చటను లేకున్నచో యంత్రమో, దానిని కలుపు భాగమో చెడినట్లు ఎంచవచ్చును.

శుభ్రము చేయుట

ల్యాప్‌టాప్ డ్రైవులో ట్రేను బయటికి లాగగానే లెన్సు కంటికి కనిపించును. బల్ల మీద నుండు పెద్ద కంప్యూటరులో అట్లు కాదు. కంటికి కనిపించుట వలన శుభ్రము చేయుట సులభము. పాడుచేయుట కూడ అంతే సులభము. ముందుగా ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపవలయును. కెమెరాలు శుభ్రము చేయు రబ్బరు గాలితిత్తితో దుమ్మును ఊదవలయును. నోటితో ఊదరాదు, ఉమ్మి తుంపరలు లెన్సుపై పడి మొదటి మురికి కంటె ఎక్కువ హాని చేయును. అప్పటికిని పని చేయనిచో దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కొంచెము తడిపి, లెన్సును తాకీతాకనట్లు ఒక్కసారి త్రిప్పి, ఆరనిచ్చి చూడవలయును. ఆ లెన్సు సన్నని తీగెలపై వ్రేలాడుచుండును. గట్టిగా నొక్కినచో అది తిరిగి సరిగా నిలువదు.

డిస్కును తుడుచునప్పుడు మెత్తని శుభ్రమైన గుడ్డతో నడిమినుండి అంచువైపునకు సూటిగా తుడువవలయును. మనవారికి పంచె చెరగు అందినంత వేగముగా మరియొక గుడ్డ చేతికందదు. దానిలోని ఇసుకరేణువు చాలును గీత పడుటకు. గుండ్రముగా తుడుచుట మరింత చెఱుపు. బాటకు అడ్డముగా పడిన చిన్నగీతను డ్రైవు తానే దిద్దుకొనగలదు. సీడీలో సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర బాట చెడినను అక్షరము పోకుండ సరిచేయు ఏర్పాటున్నది. బాట వెంబడి పోవు గీత ఆ హద్దును దాటిపోవును. పేస్టుతో రుద్దుట గీతలను కొంత నునుపు చేయునన్నమాట నిజమే గాని, అన్ని మార్గములును అయిన తరువాతనే దానిని తలపెట్టవలయును.

సభ్యులలో చాలమందికి తెలియని విషయ మొకటి కలదు. సీడీలో సమాచారమున్నది మెరయు అడుగు వైపున గాదు. పేరు వ్రాయు పై వైపునకు ఆనుకొని యున్నది. దానిపై పలుచని పూత తప్ప రక్షణ లేదు. బాల్ పెన్నుతో గట్టిగా వ్రాసినను, అంటించిన చీటీని పెరికినను సమాచారము దానితోనే పోవును. డీవీడీలో ఆ పొర రెండు బిళ్లల నడుమ నుండును గనుక పై గీతలకు భయము తక్కువ. కార్యాలయములలో వ్రాసిన డిస్కులలో రంగుపొర యుండుటచే ఎండ, వేడి వానికి శత్రువులు. కిటికీ ప్రక్కనుంచిన డిస్కు కొన్నేండ్లకే చదువుటకు రాకుండ పోవచ్చును.

ట్రే బయటకు రాక డిస్కు లోపలనే చిక్కుకొన్నచో బలవంతము పనికిరాదు. ట్రే ముఖముపై సన్నని రంధ్ర మొకటి యుండును. ల్యాప్‌టాప్‌ను ఆపి, జెమ్ క్లిప్పును సాగదీసి ఆ రంధ్రములో మెల్లగా గ్రుచ్చినచో గడియ విడివడును. తిరిగి డిస్కు పెట్టునప్పుడు నడిమి బొడిపెపై "టిక్కు" మను వరకు నొక్కవలయును. సరిగా కూర్చుండని డిస్కు లోపల ఒరసికొని గీతలు పడును.

క్రొత్త డ్రైవు కొనుట

చాల ల్యాప్‌టాప్‌లలో డ్రైవును అడుగుననున్న ఒకే మరతో బిగించియుందురు. దానిని మార్చుట కష్టము కాదు. కాని 12.7 మిల్లీమీటర్ల మందము గలది, 9.5 మిల్లీమీటర్లది అని రెండు రకములు కలవు. ఒకదాని స్థానమున రెండవది పట్టదు. పైగా ల్యాప్‌టాప్ పాతది. మా అభిప్రాయములో పంచాయతీ సొమ్మును దానిపై వెచ్చించుట కంటె, యూఎస్‌బీ తీగెతో బయటనుండి తగిలించు డ్రైవును కొనుట మేలు. ఇంచుమించు 1,500 నుండి 3,000 రూపాయలలో దొరకును. రేపు క్రొత్త ల్యాప్‌టాప్ వచ్చినను పనికివచ్చును. కొన్ని డ్రైవులకు ఒక యూఎస్‌బీ రంధ్రము నుండి వచ్చు విద్యుత్తు చాలదు. తిరుగుట మొదలిడి ఆగిపోవుచున్నచో రెండు కొనలుగల తీగెతో రెండు రంధ్రములకు తగిలించి చూడవలయును.

ల్యాప్‌టాప్‌ను మరమ్మతు దుకాణమున కీయవలసివచ్చినచో దానిలోని లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలను, బ్యాంకు ఖాతాల వివరములను ముందుగా వేరొకచోట భద్రపరచి, దానినుండి తొలగించి ఈయవలయును. ఇది మరచినవారిని మేమెరుగుదుము.

ఆ గ్రామము సంగతికి వత్తము. మండల కేంద్రములో పెండ్లి వీడియోలు తీయు స్టూడియో నుండి బయట తగిలించు డ్రైవొకటి ఎరువు తెచ్చిరి. దుమ్ము తుడిచి సీడీని పెట్టగా మొదటిసారియే చదువబడెను. పటములో ఆటస్థలపు హద్దులు, కొలతలు స్పష్టముగా నున్నవి. మరునాడు టేపు పట్టి కొలువగా పునాది ఆటస్థలములోనికి వచ్చినట్లు తేలినది. త్రవ్వినవారు కూడ పటమును చూచి మారుమాట లేక పని ఆపిరి.

అరువు తెచ్చిన డ్రైవును అదే సాయంకాలము తిరిగి ఈయవలెను గాన, బీరువాలోని 23 డిస్కులను సభ్యులు బల్లపై పరచి, ముఖ్యమైనవానిని ముందు, గీతలుపడి సతాయించువానిని చివర పెట్టిరి. చెడిన డిస్కుతో మొదట కుస్తీపట్టినచో మంచివానికి వేళ చాలదు. ఒక్కొక్కదానిని ల్యాప్‌టాప్‌లోనికి నకలు చేసి, ఫైళ్లను కొన్నింటిని తెరచి చూచి, అక్కడినుండి రెండు వేర్వేరు హార్డుడిస్కులకు ఎక్కించిరి. ఒకటి కార్యాలయములో, రెండవది వేరొక భవనములో నుంచుటకు నిర్ణయించిరి. నకలు చేసిన డిస్కులను పారవేయుదమని ఒకరనగా మేము వారించితిమి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము, 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో దాఖలు చేయునప్పుడు దానితో ధ్రువపత్రము జతపరచవలయును. మొదటి డిస్కు చేతనున్నచో నకలుపై సందేహము వచ్చినప్పుడు చూపవచ్చును.

చీకటి పడునప్పటికి 19 డిస్కులు నకలైనవి. నాలుగు లొంగలేదు. చెడినచోట్లను దాటుకొనుచు మిగిలినదానిని రాబట్టు డీడీరెస్క్యూ అను ఉచిత ప్రోగ్రాముతో వానిని ప్రయత్నించుటకు స్టూడియోవారు ఒప్పుకొనిరి. కార్యదర్శి రిజిష్టరులో ఒక్కొక్క డిస్కు సంఖ్య, దానిలోని విషయము, నకలు చేసిన తేది, చేసినవారి పేరు వరుసగా వ్రాసి, ఆ నాలుగింటి ఎదుట "చదువబడలేదు, స్టూడియోకు పంపడమైనది" అని చేర్చిరి.