మన పేగుకున్న ఓర్పు – మిరపకాయ చెప్పే పాఠం

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టిన మనకు కారం లేనిదే ముద్ద దిగదు. పొద్దున తాగే నీళ్ళ నుంచి రాత్రి తినే గోంగూర పచ్చడి వరకు మనం పేగులోకి పంపేదంతా పరాయి పదార్థమే. పైగా కోట్లాది సూక్ష్మజీవులు అక్కడే కాపురముంటాయి. పరాయిది కనబడితే యుద్ధం ప్రకటించే రోగ నిరోధక వ్యవస్థ పేగులో ఎందుకు ఊరుకుంటుంది?

కాపలాదారులు లేక కాదు. పేగు గోడలో రోగ నిరోధక కణాలు పెద్ద సంఖ్యలోనే ఉన్నాయి. ఆ గోడ లోపలి పొర ఒక్క కణం మందమే. దానిపై జిగురు పొర ఉంటుంది. ఐజిఎ అనే ప్రతిరక్షకం సూక్ష్మజీవులను గోడకు అంటుకోనివ్వదు.

శాంతి కణాలు

డెండ్రైటిక్ కణాలు తిన్న ఆహారం నమూనాలను శోషరస గ్రంథులకు మోసుకెళ్తాయి. అక్కడ విటమిన్ ఎ నుంచి తయారైన పదార్థం సాయంతో కొన్ని టి కణాలు 'నియంత్రణ టి కణాలు'గా మారతాయి. తోటి కణాలు అనవసరంగా పోట్లాడకుండా ఆపడం వీటి పని. వీటిని 1995లో జపాన్ శాస్త్రవేత్త సకాగుచి గుర్తించారు. వీటికి కీలకమైన ఫాక్స్‌పి3 జన్యువును 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ వెల్లడించారు. ముగ్గురికీ 2025లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జన్యువు చెడిన మగపిల్లలకు పసితనంలోనే తీవ్రమైన విరేచనాలు, మధుమేహం వస్తాయి. ఓర్పు లోపిస్తే శరీరం తనను తానే కాల్చుకుంటుందన్నమాట.

మిరప సంగతి

మిరపలోని క్యాప్సైసిన్ తాకే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనుగొంది. ఆయనకు 2021లో నోబెల్ దక్కింది. 2017లో అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయం వారు ఎలుకలకు క్యాప్సైసిన్ తినిపించి చూశారు. పేగులో అనందమైడ్ అనే పదార్థం పెరిగి, మంటను చల్లార్చే కణాలు ఎక్కువయ్యాయి. ఆ పేరు మన 'ఆనందం' నుంచి వచ్చిందే! అయితే ఇది ఎలుకల సంగతి. కడుపులో పుండున్నవారు కారం మందనుకుని తినరాదు.

మనం చేయవలసింది

ఆకుకూరలు, పప్పులు, జొన్నల్లోని పీచును మంచి సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యుటిరేట్ తయారుచేస్తాయి. అది శాంతి కణాలను పెంచుతుంది. కాబట్టి మెస్‌లో పెట్టిన కూర పక్కకు నెట్టకూడదు. విరేచనాలైతే ముందు ఓఆర్ఎస్ తాగాలి. డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ మింగితే మంచి సూక్ష్మజీవులూ చస్తాయి. శత్రువును కొట్టడమే కాదు, మిత్రుణ్ణి గుర్తుపట్టడమూ ఆరోగ్యమే.